రంగు పోయింది, ఏం మిగిలింది?

ధర్మవరం పట్టుచీర మగ్గం ఎక్కే ముందు పొయ్యి ఎక్కుతుంది. ముడి పట్టు కట్టలను సబ్బు, సోడా కలిపిన నీళ్ళలో ఉడికిస్తారు. పురుగు తన గూడును అంటించుకోవడానికి కార్చిన బంక ఆ వేడికి కరుగుతుంది. ముడి పట్టు బరువులో ఇంచుమించు నాలుగో వంతు ఇలా నీళ్ళపాలవుతుంది. అప్పటిదాకా బిరుసుగా ఉన్న దారం మెత్తబడి నిగనిగలాడుతుంది. ఆ తర్వాత రంగు. మరుగుతున్న నీళ్ళలో రంగు పొడి, దానికి తోడు కాస్త ఆమ్లం. కట్టను కర్రకు వేలాడదీసి ముంచుతారు, తిప్పుతారు, ఎత్తి వెలుతురులో చూస్తారు, మళ్ళీ ముంచుతారు. చెయ్యి తిరిగిన పనివాడు గిన్నెలో నీళ్ళ వంక చూసి పని ఎంతవరకు వచ్చిందో చెప్పేస్తాడు. నీళ్ళు తేటబడే కొద్దీ దారం రంగు తాగినట్టు లెక్క. అయినా ఎంతో కొంత గిన్నెలోనే మిగులుతుంది. కట్టను రెండు మూడు సార్లు చన్నీళ్ళలో జాడిస్తే ఇంకొంత దిగుతుంది.

చీర పెళ్ళికి పోతుంది. జాడించిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

గోదావరి డెల్టాలో అయితే ఈ ప్రశ్న ఇంత గట్టిగా తగలదు. అక్కడ కాలువ పారుతుంది, మురికి పలచబడుతుంది. అది మంచిదని కాదు, కనీసం కలవడానికి నీళ్ళుంటాయి. అనంతపురం పీఠభూమి సంగతి వేరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య వానలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో వాన తక్కువ కురిసే జిల్లాల్లో ఇదొకటని ఇక్కడి పిల్లలు బడిలోనే నేర్చుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. కరువు మాత్రం రెండింటికీ ఉమ్మడిదే. చిత్రావతి నది ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. ఎండిన వంకలో పోసిన నీళ్ళు పారిపోవు, ఇంకుతాయి. ఇంకినవి ఎవరి బోరులో తేలతాయో ఎవరూ చెప్పలేరు.

అందుకే నీళ్ళలోని మురికిని విరగ్గొట్టే రసాయన శాస్త్రం ఈ నేలకు ఇతర ప్రాంతాల కంటే ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఆ శాస్త్రం ఎక్కడో విదేశాల్లో లేదు. దాని పునాది పాఠాలు అనంతపురం ఊరి చివర ఉన్న విశ్వవిద్యాలయంలోనే చెబుతున్నారు.

ఎండ్రకాయ పట్టు

ఆ పాఠాల్లో మొదటిది లోహ సంశ్లిష్టం. మధ్యలో ఒక లోహపు అయాను. దాని చుట్టూ కొన్ని అణువులు తమ దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటలను చాచి దాన్ని పట్టుకుంటాయి. ఒకే అణువు రెండు మూడు చోట్ల నుంచి పట్టుకుంటే ఆ పట్టును కీలేట్ అంటారు. గ్రీకులో ఎండ్రకాయ కొండిని బట్టి 1920లో పెట్టిన పేరది. చేలో ఎండ్రకాయ వేలు పట్టుకుంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. ఈ అమరిక ఎలా ఉంటుందో 1893లో ఊహించి చెప్పిన ఆల్‌ఫ్రెడ్ వెర్నర్‌కు 1913లో నోబెల్ వచ్చింది. మన రక్తంలో ఇనుము, ఆకులో మెగ్నీషియం, బీ12 విటమిన్‌లో కోబాల్ట్, అన్నీ ఇలాంటి పట్టులోనే ఉంటాయి.

పట్టుకు అద్దే రంగుల్లో ఒక పెద్ద కుటుంబం పేరే లోహ సంశ్లిష్ట రంగులు. ఒక క్రోమియం లేదా కోబాల్ట్ అయానును ఒకటి, రెండు రంగు అణువులు కొండి వేసి పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే ఉతికినా, ఎండలో ఆరేసినా రంగు వెలవదు. ఇరవై ఏళ్ళ తర్వాత బీరువాలోంచి తీసినా చీర కొత్తదానిలా ఉందని అమ్మలు మురిసిపోయేది ఆ మొండితనం చూసే. అదే మొండితనం మురుగు కాలువలో శాపం. ఎండకు వెలవని రంగును ఎండ శుభ్రం చేయలేదు. సూక్ష్మజీవులకూ అది అంత తేలిగ్గా లొంగదు.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. అంతకు ముందు అది తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అనంతపురంలో పీజీ కేంద్రం. అక్కడి రసాయన శాస్త్ర విభాగంలో లోహ సంశ్లిష్టాల మీద పనిచేసిన ఆచార్యుడు కె. హుస్సేన్ రెడ్డి. 2003లో న్యూ ఏజ్ ఇంటర్నేషనల్ ప్రచురించిన ఆయన పుస్తకం ‘బయోఇనార్గానిక్ కెమిస్ట్రీ’ జీవుల శరీరంలో లోహాలు చేసే పని గురించి విద్యార్థుల కోసం రాసినది. అదే ఏడాది ‘టలాంటా’ అనే విశ్లేషణ రసాయన పత్రికలో ఆయన బృందం పత్రం ఒకటి వచ్చింది. థయోసెమికార్బజోన్ జాతికి చెందిన ఒక కారకంతో వంటనూనెల్లో, గింజల్లో రాగి, నికెల్ ఎంతున్నాయో ఒకేసారి కొలిచే పద్ధతి అందులో ఉంది.

శనక్కాయ తప్ప వేరే దిక్కులేని జిల్లాలో ఉండి నూనెను, గింజను పరీక్షకు ఎంచుకోవడం నాకు చాలా నచ్చింది. రాగి జాడలు ఎక్కువైతే నూనె త్వరగా పాడై కంపు కొడుతుంది. నికెల్ వనస్పతి తయారీలో ఉత్ప్రేరకంగా వాడేది. అంటే ఇది తిండికి సంబంధించిన లెక్క. పద్ధతి వెనకున్న సూత్రం సులువైనది. కారకం లోహాన్ని కొండి వేసి పట్టుకోగానే ద్రావణం రంగు మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే లోహం అంత ఎక్కువ. ఆ చిక్కదనాన్ని కంటితో కాకుండా కాంతి పుంజంతో కొలుస్తారు. గిన్నె వంక చూసి దారం ఎంత తాగిందో చెప్పే అద్దకం పనివాడూ చేస్తున్నది ఈ కొలతే. ప్రయోగశాల దానికి అంకె జోడించింది, అంతే.

అంతకు ముందు, 1999లో, రాగి సంశ్లిష్టాలు డీఎన్ఏను తెంచే తీరు మీద ఈ బృందం పత్రం ‘జర్నల్ ఆఫ్ ఇనార్గానిక్ బయోకెమిస్ట్రీ’లో వచ్చింది. ఇవేవీ అద్దకం నీళ్ళ కోసం చేసిన పరిశోధనలు కావు. కానీ ఇలాంటి రాగి సంశ్లిష్టాలు చాలావరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడుంటే డీఎన్ఏను ఎలా తెంచుతాయో, నీళ్ళలోని రంగు అణువును ఇనుము అలాగే తెంచుతుంది. రెండింటి వెనకా ఉన్నది ఒకటే కత్తి.

చింతపండు పులుపులో దొరికిన కత్తి

ఆ కత్తి కథ కేంబ్రిడ్జిలో మొదలైంది. హెన్రీ ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త టార్టారిక్ ఆమ్లంతో పనిచేస్తున్నాడు. మన చింతపండుకు పులుపు తెచ్చేది ఆ ఆమ్లమే. దానిలో చిటికెడు ఇనుప లవణం, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, తర్వాత క్షారం కలిపితే ఊదా రంగు తేలింది. ఇనుము, పెరాక్సైడ్ కలిసి ఆ ఆమ్లాన్ని ఆక్సీకరించాయన్న మాట. 1894లో ఆయన దీని మీద వివరంగా పత్రం రాశాడు. లోపల నిజంగా పనిచేసేది హైడ్రాక్సిల్ రాడికల్ అన్న వాదన 1930ల్లో వచ్చింది.

ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, జత దొరకని ఒక ఎలక్ట్రాన్. హైడ్రాక్సిల్ రాడికల్ అంటే ఇంతే. ఆక్సీకరణ శక్తిని వోల్టుల్లో చెబితే క్లోరిన్‌ది 1.36, ఓజోన్‌ది సుమారు 2.07, దీనిది 2.8. పుట్టిన లిప్తలోనే పక్కనున్న దేన్నో ఒకదాన్ని పట్టి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. మంచీ చెడూ చూడదు. రంగు అణువు తగిలితే దాన్నీ చీలుస్తుంది, మందు అవశేషం తగిలితే దాన్నీ చీలుస్తుంది. చివరిదాకా పని జరిగితే సేంద్రియ పదార్థమంతా కార్బన్ డయాక్సైడ్, నీరు, కొన్ని లవణాలుగా తేలిపోతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఫెంటన్ పద్ధతికి నీళ్ళు పుల్లగా, పీహెచ్ 3 దగ్గర ఉండాలి. పని అయ్యాక ఇనుము తుప్పు రంగు బురదగా అడుగున పేరుకుంటుంది. ఒక మురికిని వదిలించుకుని ఇంకో మురికిని నెత్తికెత్తుకోవడమే. ఇక్కడే లోహ సంశ్లిష్టం మళ్ళీ అక్కరకొస్తుంది. ఇనుమును సరైన కొండిలో పట్టి ఉంచితే మామూలు నీళ్ళలో కూడా బురదగా మారకుండా పనిచేస్తుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టెరెన్స్ కాలిన్స్ బృందం దశాబ్దాలు శ్రమించి టామెల్ అనే ఇనుప సంశ్లిష్టాలను తయారు చేసింది. అతి కొద్ది మోతాదు చాలు, పెరాక్సైడ్‌ను పనికి పురమాయిస్తాయి. మన కాలేయంలో మందులను అరగదీసే ఎంజైముల్లో కూడా ఇనుము ఇలాంటి పట్టులోనే కూర్చుని పనిచేస్తుంది.

కరెంటు చేసే పని

ఏ సంశ్లిష్టం పనికొస్తుంది, ఏది రెండు పూటల్లో చచ్చిపోతుంది? అది తేల్చేది విద్యుత్ రసాయన శాస్త్రం. ఒక చిన్న గాజు పాత్ర, అందులో కొన్ని మిల్లీలీటర్ల ద్రావణం, మూడు ఎలక్ట్రోడులు. వోల్టేజీని మెల్లగా పెంచుకుంటూ పోయి, మళ్ళీ అంతే మెల్లగా దించుతారు. ఎంత కరెంటు పారుతోందో తెర మీద గీత పడుతుంది. లోహం ఎలక్ట్రాను వదిలిన చోట గీత ఒక మూపురం ఎత్తుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ ఎలక్ట్రానును మళ్ళీ తీసుకుంటే కింద ఇంకో మూపురం. రెండూ సమానంగా ఉంటే ఆ సంశ్లిష్టం ఇచ్చి పుచ్చుకోవడం తెలిసినది, మళ్ళీ మళ్ళీ పనిచేయగలదు. రెండో మూపురం రాలేదంటే వెళ్ళిన దారిలోనే అది విరిగిపోయింది. దీన్ని సైక్లిక్ వోల్టామెట్రీ అంటారు. ఈ దారికి మొదటి అడుగు 1922లో ప్రాగ్‌లో పడింది. యారోస్లావ్ హేరోవ్‌స్కీ పాదరసపు చుక్కలతో కనిపెట్టిన పోలరోగ్రఫీకి 1959లో నోబెల్ ఇచ్చారు.

కొలవడమే కాదు, కరెంటు కత్తిని కూడా నూరగలదు. ఎలక్ట్రో ఫెంటన్ అనే పద్ధతిలో పెరాక్సైడ్ డబ్బాలు కొనుక్కోనక్కర్లేదు. కార్బన్ గుడ్డను కాథోడుగా పెట్టి, పక్కనుంచి గాలి బుడగలు వదిలితే, గాలిలోని ఆక్సిజనే అక్కడ పెరాక్సైడ్‌గా మారుతుంది. పని చేసి అలసిన ఇనుము అదే కాథోడు దగ్గర ఎలక్ట్రాను తీసుకుని మళ్ళీ పనికి సిద్ధమవుతుంది. బీకరులో నారింజ రంగు నీళ్ళు పోసి, పుల్లగా చేసి, చిటికెడు ఇనుప లవణం వేసి కరెంటు పెడితే, కాసేపటికి రంగు పసుపులోకి దిగుతుంది, తర్వాత గడ్డి రంగు, ఆ తర్వాత నీళ్ళ రంగు. చూస్తున్న విద్యార్థి కళ్ళలో వెలుగు రావడం సహజం.

ఆ వెలుగును కాస్త ఆపాలి. చాలా రంగుల్లో రెండు నత్రజని పరమాణువులు జోడు కట్టి ఉంటాయి. ఆ జోడు తెగగానే రంగు పోతుంది. మిగిలిన ముక్కలు ఒక్కోసారి ఆరోమాటిక్ అమీన్లు. వాటికి రంగు ఉండదు, కానీ వాటిలో కొన్ని రంగు కంటే హానికరమైనవి, క్యాన్సర్ తెచ్చేవీ ఉన్నాయి. లోహ సంశ్లిష్ట రంగు అయితే ఇంకో మెలిక. కొండి విరిగింది, మరి లోపల ఉన్న క్రోమియం? అది మూలకం. దాన్ని ఏ కత్తీ విరగ్గొట్టలేదు. చీరలో ఉన్నప్పుడు అది త్రిసంయోజక క్రోమియం, కాస్త సాధువు. ఆక్సీకరణ జోరెక్కువైతే షట్సంయోజక క్రోమియంగా మారగలదు. అది విషం. శుద్ధి చేయబోయి విషం తయారు చేసే ప్రమాదం ఉందన్న మాట. అలాగే నీళ్ళలో ఉప్పు ఎక్కువుంటే కరెంటు బాగా పారుతుంది, కానీ ఉప్పులోని క్లోరైడు క్లోరిన్ అయి కొత్త క్లోరిన్ సమ్మేళనాలను పుట్టిస్తుంది.

కాబట్టి రంగు పోయిందా అన్నది చాలా చిన్న ప్రశ్న. ఏం మిగిలింది అన్నదే అసలు ప్రశ్న. మొత్తం సేంద్రియ కార్బన్ ఎంత తగ్గింది, క్రోమియం ఏ రూపంలో ఉంది, దాన్ని ఎలా పట్టి బయటకు తీశారు అని చెప్పని ఏ శుద్ధి పద్ధతినీ నేను నమ్మను. రంగు తగ్గుదల శాతం ఒక్కటే చూపి పని అయిపోయిందనే పరిశోధనా పత్రాలు సగం పనే చేసినట్టు.

శనక్కాయ తొక్కల గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. తొక్కల పొడి, దాని బొగ్గు రంగునూ లోహాలనూ బాగా పీల్చుకుంటాయని ఎన్నో ప్రయోగాలు తేల్చాయి. మన దగ్గర తొక్కలకు కొదవ లేదు. ముందు వరుసలో వాడుకోవాల్సిందే. కానీ తొక్క పట్టుకుంటుంది, విరగ్గొట్టదు. రంగు తాగిన తొక్కను చెరువు గట్టున పారేస్తే మురికి ఇల్లు మారినట్టే.

వజ్రకరూరు మాట

తొలకరి పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం వంగి వంగి నేల వెతుకుతారు. కింబర్లైట్ రాళ్ళున్న నేల అది, వాన కడిగితే ఒక్కోసారి వజ్రం మెరుస్తుంది. నీటిని శుద్ధి చేసే ఎలక్ట్రోడుల్లో అత్యంత శక్తిమంతమైనదీ వజ్రమే అంటే ఆ చేలల్లో వెతికేవాళ్ళు ఏమంటారో. శుద్ధ వజ్రం గుండా కరెంటు పారదు. ప్రయోగశాలలో మీథేన్ వాయువు నుంచి పలచటి వజ్రపు పొర పెంచుతూ అందులో కాస్త బోరాన్ కలిపితే పారుతుంది. ఆ పొర మీద నీళ్ళే విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. ఇనుమూ అక్కర్లేదు, పెరాక్సైడూ అక్కర్లేదు. ధర మాత్రం చిన్న అద్దకం ఇంటికి అందేది కాదు. ఇలాంటి పరికరాలు ఇంటింటికీ కాదు, వీధికో, వాడకో ఒక ఉమ్మడి కేంద్రంలో ఉండాలి.

కరెంటు ఖర్చు అనేవాళ్ళకు ఒక మాట. ఈ పీఠభూమికి వాన లేదు గాని ఎండకు లోటు లేదు. నంబులపూలకుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2016లో పూర్తిగా పనిలోకి వచ్చింది. సౌర పలక ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. విద్యుత్ రసాయన ఘటానికి కావలసిందీ అదే. మధ్యలో మార్చే యంత్రం లేకుండా కలపవచ్చు. పగలు రంగు వేస్తారు, పగలే ఎండ ఉంటుంది. ఇంత కలిసొచ్చే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

విరగనిది, రంగు లేనిది

ఇక ఇక్కడి నీళ్ళలోని పాత శత్రువు సంగతి. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఈ సీమ అడుగున ఉన్న గ్రానైటు, నైసు రాళ్ళలోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. సోడియం, బైకార్బనేటు ఎక్కువై, కాల్షియం తక్కువైన నీళ్ళు ఆ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలిస్తే ఫ్లోరైడు కరిగి చేరుతుంది. వాన తక్కువ, ఆవిరి ఎక్కువ కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది కూడా మన దగ్గరే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. పళ్ళ మీద గోధుమ చారలు, ముదిరితే వంగని వెన్ను, చాచలేని మోకాలు. భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు.

ఫ్లోరైడు కూడా ఒక మూలకపు అయానే. దాన్ని విరగ్గొట్టడం ఎవరి తరమూ కాదు, పట్టుకోవడమే మార్గం. పట్టుకునేది మళ్ళీ ఒక లోహం, అల్యూమినియం. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపితే అల్యూమినియం ఫ్లోరైడును కట్టేసుకుని అడుగుకు దిగుతుంది. పటికకు బదులు అల్యూమినియం పలకలకు కరెంటు ఇచ్చి అదే పని చేయించే విద్యుత్ పద్ధతిని కూడా నీరి తయారు చేసింది. అడుగున దిగిన బురదను ఎక్కడ వేస్తున్నారన్న ప్రశ్న ఇక్కడా వదలదు. అసలు మేలైన దారి ఫ్లోరైడు లేని నీళ్ళు తెచ్చుకోవడం. 1995లో సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీళ్ళు చేర్చి ఆ దారి చూపింది. కానీ కుళాయి రాని రోజున జనం మళ్ళీ బోరు దగ్గరికే బిందె పట్టుకుని పోతారు.

ధర్మవరానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య గంట ప్రయాణం. లోహాన్ని ఎలా పట్టాలో, ఎలా కొలవాలో తెలిసినవాళ్ళు ఒక చివర, రోజూ గిన్నెలో క్రోమియం రంగు మరగబెట్టేవాళ్ళు ఇంకో చివర. ఎమ్మెస్సీ విద్యార్థులకు ప్రాజెక్టు కోసం దుకాణంలో కొన్న రంగు పొడి ఇచ్చి బీకరులో కరిగించమనే బదులు, అద్దకం వీధి నుంచి ఒక డబ్బా నిజమైన నీళ్ళు తెమ్మనాలి. అందులో సబ్బు ఉంటుంది, పట్టు బంక ఉంటుంది, ఉప్పు ఉంటుంది, నాలుగు రంగులు కలిసి ఉంటాయి. బీకరులో గెలిచిన పద్ధతి అక్కడ ఓడిపోవచ్చు. ఓడిపోయినా ఆ పత్రమే నాకు ఎక్కువ విలువైనది. అద్దకం చేసేవాళ్ళను దోషులుగా నిలబెట్టి నోటీసులు అంటించడం కాదు చేయాల్సింది. వాళ్ళ ఆదాయం అంతంత మాత్రమే, శుద్ధి ఖర్చు వాళ్ళ ఒక్కరి నెత్తిన వేస్తే గిట్టదు. ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టాల్సింది ప్రభుత్వం, దానికి లెక్క చెప్పాల్సింది విశ్వవిద్యాలయం.

ఈలోగా ఇది చదువుతున్న మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో తాగేది బోరు నీళ్ళయితే, ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఫ్లోరైడు పరీక్షకు ఇవ్వండి. అంకె 1.5 దాటితే ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ వాడొద్దు, పిల్లలకు అసలే పట్టొద్దు. కాచితే సరిపోతుందనుకోకండి. కాచినందువల్ల ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.